దసరాకు బయటికి తీసిన ఏటీవీ ఎందుకు మొరాయిస్తుంది? దుమ్ము, నీరు, ఈ20 పెట్రోలు, గంటల లెక్క

జూన్‌లో తొలకరి పడగానే షెడ్డులోకి నెట్టిన బండిని దసరా సెలవులకు బయటికి తీస్తారు. టార్పాలిన్ లాగి, దుమ్ము తుడిచి, సెల్ఫ్ నొక్కుతారు. ఇంజిన్ తిరుగుతుంది గానీ అంటుకోదు. చోక్ లాగితే ఒక్కసారి దగ్గి ఆగిపోతుంది. వికారాబాద్ వైపు రిసార్టుల్లో, హైదరాబాద్ శివార్ల ఫామ్‌హౌసుల్లో, సొంత తోటలో తిరగడానికి ఏటీవీ (నాలుగు చక్రాల క్వాడ్ బైక్) కొనుక్కున్నవాళ్ల ఇళ్లలో ఇది ఏటా జరిగేదే. ఊళ్లోని బైకు మెకానిక్ వచ్చి ప్లగ్గు మారుస్తాడు. వారం నడుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఈమధ్య దీనికి "అంతా ఈ20 పెట్రోలు వల్లే" అనే మాట తోడైంది.

ఇథనాల్ కలిపిన ఈ పెట్రోలుకు ఇందులో పాత్ర ఉంది. కానీ అదొక్కటే కాదు, చాలా బండ్లలో అది ప్రధాన కారణం కూడా కాదు. ఏటీవీని చెడగొట్టేవి ముఖ్యంగా మూడు: దుమ్ము, నీళ్లు, నెలల తరబడి కదలకుండా నిలబడటం. తిరిగిన దూరం వాటి తర్వాతే. ఈ మూడూ ఎక్కడ దూరి ఎక్కడ బయటపడతాయో తెలిస్తే, మెకానిక్ చెప్పే మాటలో ఏది నిజమో ఏది ఊహో తేల్చుకోవచ్చు.

బైకూ కాదు, జీపూ కాదు

ఏటీవీ అంటే ఆల్ టెరైన్ వెహికిల్. మన దగ్గర క్వాడ్ బైక్ అని కూడా అంటారు. అమెరికా ప్రమాణాల ప్రకారం దాని లక్షణాలు ఇవి: నాలుగు చక్రాలు, బైకు మీదలా కాళ్లు చెరోపక్క వేసుకుని కూర్చునే సీటు, హ్యాండిల్‌బారు, 10 పీఎస్ఐకి మించని గాలితో నడిచే టైర్లు. టైరులో గాలి ఎంతన్నది నిర్వచనంలోనే ఉందంటే ఈ బండికి అది ఎంత కీలకమో అర్థమవుతుంది.

మొదట్లో ఇవి మూడు చక్రాలతోనే వచ్చాయి. హోండా 1970లో తెచ్చిన యూఎస్90 అలాంటిదే. మలుపుల్లో బోల్తాపడే ప్రమాదాలు పెరిగాక అమెరికాలో కంపెనీలు 1988లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. అప్పటికే సుజుకి నాలుగు చక్రాల క్వాడ్‌రన్నర్‌ను మార్కెట్లోకి తెచ్చి ఉంది. ఇక మన రోడ్ల మీద బజాజ్ క్యూట్ లాంటి "క్వాడ్రిసైకిల్" వేరే జాతి. పేరులో పోలిక చూసి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఏటీవీలు మన దేశంలో దాదాపు అన్నీ రోడ్డు రిజిస్ట్రేషన్ లేనివే. ట్రాక్టరుగా ధ్రువీకరణ తెచ్చుకున్న పోలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 లాంటివి మినహాయింపు. రోడ్డెక్కని బండికి ఊరూరా సర్వీసు సెంటరు ఎవరూ పెట్టరు. అందుకే బండి చివరికి బైకు మెకానిక్ చేతికి వెళ్తుంది. అతనికి ఇంజిన్ బాగా తెలుసు, మిగతా బండి కొత్త.

టైరు దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. బైకు టైరుకు 28 నుంచి 33 పీఎస్ఐ కొట్టడం పంక్చర్ షాపు అలవాటు. ఏటీవీ టైరుకు కావలసింది మోడల్‌ను బట్టి 3 నుంచి 7 మాత్రమే. షాపులోని గేజీ మీద మొదటి గీతే 5 దగ్గరో 10 దగ్గరో ఉంటుంది. దానితో 4కూ 6కూ తేడా పట్టడం కుదరదు. ఆ తేడా వల్ల ఏమవుతుందో ఒక లెక్క చూడండి. చాలా ఏటీవీల వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. టైరు వ్యాసం 56 సెంటీమీటర్లు అనుకుందాం. గాలి తేడా వల్ల ఒకటి సెంటీమీటరున్నర చిన్నదైతే చుట్టుకొలతలో తేడా దాదాపు 4.7 సెంటీమీటర్లు. వంద చుట్లలో, అంటే 175 మీటర్ల దూరంలో, ఒక చక్రం రెండోదానికన్నా 4.7 మీటర్లు తక్కువ నడవాలి. ఇరుసు ఒక్కటే కాబట్టి అలా నడవలేదు. ఒక టైరు నేలను రాసుకుంటూ పోతుంది, బండి ఆ చిన్న చక్రం వైపుకు లాగుతుంది. యజమాని స్టీరింగ్ పాడైందనుకుని బాల్ జాయింట్లు మార్పిస్తాడు.

కిలోమీటర్లు కాదు, గంటలు

బైకు సర్వీసును మనం కిలోమీటర్లలో లెక్కపెడతాం. ఏటీవీ మాన్యువళ్లలో గంటల లెక్క ఉంటుంది: కొత్త బండికి మొదటి ఆయిల్ మార్పు సుమారు 20 నుంచి 25 గంటలకు, ఆ తర్వాత మోడల్‌ను బట్టి 50 లేదా 100 గంటలకు. గంటల లెక్క ఎందుకంటే ఈ బండి ఎక్కువసేపు చిన్న గేరులో, తక్కువ వేగంతో, ఎక్కువ ఆర్‌పీఎంలో నడుస్తుంది. మీటరు మీద దూరం పెరగదు, ఇంజిన్ మాత్రం అరుగుతూనే ఉంటుంది.

రిసార్టులో పది నిమిషాల రైడ్లు రోజుకు ఇరవై అనుకుందాం. అంటే 200 నిమిషాలు, మూడు గంటల ఇరవై నిమిషాలు. ముప్పై రోజులకు సరిగ్గా 100 గంటలు. గంటకు సగటున 12 కిలోమీటర్ల చొప్పున మీటరు మీద కనిపించేది 1,200 మాత్రమే. బైకు అలవాటున్న మనిషికి అది ఏమీ కాని దూరం, "ఇంకా వెయ్యి నడవనీ" అంటాడు. నిజానికి ఆ నెలలోనే ఒక పూర్తి సర్వీసు గడువు అయిపోయింది. పైగా బురద, నీళ్లు, దుమ్ము, తక్కువ వేగంలో ఎక్కువ బరువు మోయడం వీటన్నిటినీ మాన్యువళ్లు "కఠిన వాడకం" కింద లెక్కగడతాయి. పోలారిస్ లాంటి కంపెనీలైతే అలాంటి వాడకంలో గడువును సగానికి తగ్గించుకోమని రాస్తాయి. ఆ జాబితా చదివితే మన ఎర్రమట్టి దారులు, వరి మళ్ల గట్లు, వాగు దాటడాలు అన్నీ అందులోకే వస్తాయి. మాన్యువల్ కఠినం అన్నది మనకు మామూలు వాడకం.

ఇందుకు పూర్తిగా ఎదురుగా తోట యజమాని ఉంటాడు. వారానికి రెండు గంటలు తిప్పితే అతనికి 100 గంటలు రావడానికి ఏడాది పడుతుంది. కానీ చిన్న చిన్న తిరుగుళ్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల పట్టిన తేమ ఆవిరై పోదు. అందుకే గంటలు నిండకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చమంటారు.

దుమ్ము లోపలికి పోయే దారి

ఇసుకలో ఉండే సిలికా చాలా గట్టి పదార్థం. ఎయిర్ ఫిల్టర్ దాటి సిలిండర్‌లోకి వెళ్లిందంటే పిస్టన్ రింగులకూ గోడకూ మధ్య అరగదీసే పొడిలా పనిచేస్తుంది. ముందు కంప్రెషన్ పడిపోతుంది, తర్వాత ఆయిల్ తాగడం మొదలవుతుంది, ఆపైన నీలం పొగ. అప్పటికి ఇంజిన్ బోరుకొచ్చినట్టే. గట్టిగా దుమ్ము తాగితే చాలా తక్కువ గంటల్లోనే ఈ స్థితి రావచ్చు. బండి కొత్తదా పాతదా అన్నది అప్పుడు అక్కరకు రాదు.

ఎక్కువ ఏటీవీల్లో ఫిల్టర్ స్పాంజిది. ఆ స్పాంజి రంధ్రాలు దుమ్ము రేణువుల కన్నా పెద్దవి. దుమ్మును పట్టేది స్పాంజి కాదు, దానికి పట్టించిన జిగురు నూనె. కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించకుండా బిగిస్తే అది చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, పని మాత్రం చేయదు. దీన్ని పెట్రోలుతో కడగడం మన దగ్గర అలవాటు. పెట్రోలు స్పాంజి అతుకుల్ని వదులు చేస్తుంది, నిప్పు ప్రమాదం సరేసరి. ఫిల్టర్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి పాత మెకానిక్‌లు చేసే పరీక్ష ఒకటుంది. ఫిల్టర్ తర్వాతి గొట్టం లోపలి గోడను తెల్లగుడ్డతో తుడుస్తారు. గుడ్డకు మట్టిరంగు అంటిందంటే ఫిల్టర్‌ను దాటి దుమ్ము పోతోందని అర్థం. ఈ గుడ్డ పరీక్షను గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

స్పాంజి మేలా, కాగితం మేలా, కడిగి వాడే కాటన్ ఫిల్టర్ మేలా అన్నదానిపై వాదన ఎప్పుడూ ఉంది. కాగితం సన్న దుమ్మును బాగా ఆపుతుంది, కానీ తడిస్తే పనికిరాదు. కాటన్ రకం గాలిని ధారాళంగా వదులుతుంది, ఇంజిన్ కాస్త చురుగ్గా ఉన్నట్టనిపిస్తుంది. దుమ్మును ఆపడంలో అది వెనకపడుతుందని విమర్శకుల మాట, నూనె సరిగా పట్టిస్తే ఆగుతుందని వాడేవాళ్ల మాట. పందేల్లో గంటలు లెక్కపెట్టి ఇంజిన్ విప్పేవాళ్లకు గాలి ముఖ్యం. పదేళ్లు నడవాలనుకునే తోట బండికి దుమ్మును ఆపడం ముఖ్యం. ఆ బండికైతే నూనె పట్టిన స్పాంజే సరైనదని నా అభిప్రాయం.

నీళ్లు దూరే దారులు

వాగులో నుంచి దూసుకెళ్లే ఫోటో అందరికీ కావాలి. ఆ క్షణంలో బండి లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

గాలి పీల్చే గొట్టం దాకా నీళ్లొస్తే అవి సిలిండర్‌లోకి పోతాయి. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకుపోవు. పైకొచ్చే పిస్టన్ నీళ్లను కొట్టుకుని ఆగుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో ఆగిపోయిన బండికి వెంటనే సెల్ఫ్ కొట్టడం అందుకే అంత ప్రమాదం. ముందు ప్లగ్గు విప్పి తిప్పితే నీళ్లు ఆ రంధ్రంలో నుంచి బయటికి చిమ్ముతాయి.

రెండో దారి కంటికి కనిపించదు. గేరుబాక్సుకూ డిఫరెన్షియల్‌కూ ఊపిరి గొట్టాలుంటాయి, సన్నటి రబ్బరు పైపులు. లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తే బయటికి పోవడానికి, చల్లబడితే లోపలికి రావడానికి. గేరుబాక్సులో అర లీటరు గాలి 80 డిగ్రీల వేడిలో ఉందనుకుందాం. వాగు నీళ్లు తగలగానే 30 డిగ్రీలకు దిగింది. గాలి పరిమాణం సుమారు 14 శాతం తగ్గుతుంది, అంటే 70 మిల్లీలీటర్లు. అంత ఖాళీని నింపడానికి లోపలికి ఏదో ఒకటి రావాలి. ఊపిరి గొట్టం కొస పైన, హ్యాండిల్ దగ్గర ఉంటే గాలి వస్తుంది. అది ఊడి కింద వేలాడుతుంటే వాగు నీళ్లొస్తాయి. గొట్టం మట్టితో మూసుకుపోయి ఉంటే నూనె సీళ్ల పక్కనుంచి లాక్కుంటుంది. సీళ్లు మార్చినా మళ్లీ మళ్లీ నీళ్లు చేరుతున్నాయని విసిగిపోయినవాళ్లు చూడాల్సింది ఆ గొట్టం కొసనే.

ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్లు చేరినట్టు. అయితే ఎక్కడి నీళ్లన్నది అసలు ప్రశ్న. రేడియేటర్ ఉన్న బండిలో కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటే గ్యాస్కెట్టో వాటర్ పంపు సీలో పోయుండొచ్చు. కూలెంట్ తగ్గకపోతే, గాలితో చల్లబడే ఇంజినైతే, నీళ్లు బయటివే. మూత లోపలివైపు మాత్రమే కాస్త తెల్లటి నురగ ఉండి, కింది ఆయిల్ శుభ్రంగా ఉంటే అది బండి వేడెక్కనందువల్ల పట్టిన తేమ, కంగారు పడనక్కర్లేదు. ఒకే రంగుకు మూడు అర్థాలున్నాయన్నమాట. మొదటిదానికి ఇంజిన్ విప్పాలి, మూడోదానికి ఓ గంట గట్టిగా తిప్పితే చాలు.

సముద్రపు ఒడ్డున నడిచే బండ్ల సంగతి ఇంకా కష్టం. ఉప్పునీరు వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి తుప్పు పట్టిస్తుంది, గొలుసును వారాల్లో బిగుసుకునేలా చేస్తుంది. ఏరోజుకారోజు మంచినీళ్లతో కడిగితేనే ఆగుతుంది. కడగడంలోనూ ఒక చిక్కుంది. వాటర్ సర్వీసింగ్ పంపును దగ్గరగా పెట్టి కొడితే చక్రాల బేరింగుల సీళ్లు దాటి నీళ్లు లోపలికి పోతాయి. రేడియేటర్‌నైతే ముందునుంచి కొడితే మట్టి రెక్కల మధ్య ఇంకా గట్టిగా దిగబడుతుంది, సన్నటి రెక్కలు వంగిపోతాయి. ఇంజిన్ వైపునుంచి మెల్లటి ధారతో కడిగితే మట్టి వచ్చిన దారినే పోతుంది.

బెల్టు జారిందా, క్లచ్ జారిందా

"ఇంజిన్ అరుస్తోంది, బండి కదలడం లేదు." ఈ ఫిర్యాదుకు కారణం బండి రకాన్ని బట్టి మారుతుంది.

110, 125 సీసీల చిన్న బండ్లలో ఎక్కువగా గొలుసు డ్రైవు, వేగం పెరిగితే దానంతట అదే పట్టుకునే క్లచ్ ఉంటాయి. ఈ క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అందుకే ఆయిల్ డబ్బా మీద, ఇలాంటి తడి క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే జాసో ఎంఏ లేదా ఎంఏ2 అనే గుర్తు ముఖ్యం. మన బైకు ఆయిళ్ల మీద అది మామూలుగా ఉంటుంది. కారు ఆయిల్ ఖరీదైనది కదా, మంచిదే కదా అని పోస్తే, అందులో రాపిడి తగ్గించడానికి కలిపే పదార్థాలు క్లచ్ ప్లేట్లను కూడా జారేలా చేయవచ్చు.

పెద్ద ఏటీవీల్లో చాలావాటికి సీవీటీ ఉంటుంది, మన స్కూటర్లలో ఉన్నదే కాస్త పెద్దది. రెండు పుల్లీలు, మధ్యలో రబ్బరు బెల్టు. హోండా మాత్రం చాలా మోడళ్లలో బెల్టు లేకుండా గేర్లనే వాడుతుంది. బెల్టు పెట్టెలోకి నీళ్లు పోతే బెల్టు తడిసి జారుతుంది. అడుగున ఉండే బిరడా తీసి నీళ్లు వదిలి, న్యూట్రల్‌లో కాసేపు రేజ్ చేస్తే ఆరిపోయి మళ్లీ పట్టుకుంటుంది. ఆరాక కూడా జారుతుంటే అది తడి కాదు, అరుగుదల.

కాలిన రబ్బరు వాసన మరో ఆనవాలు. బురదలో చక్రాలు కదలకుండా ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తిప్పుతూ ఉంటే, తిరిగే పుల్లీ ఆగి ఉన్న బెల్టును ఒకేచోట కాలుస్తుంది. ఆ చోట బెల్టు సన్నబడుతుంది. ఆ తర్వాత బయల్దేరేటప్పుడల్లా "దడ్ దడ్" అని లయగా కుదుపు వస్తుంది, వేగం పెరిగితే పోతుంది. చాలామంది దీన్ని ఇంజిన్ మౌంటింగ్ లోపం అనుకుంటారు. బరువు లాగేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు లో రేంజి (చిన్న గేరు) వేయకపోవడం కూడా బెల్టును ఇలాగే తినేస్తుంది.

కంపెనీ బెల్టా, బయటి బెల్టా అన్నది ఎక్కువమంది అడిగే ప్రశ్న. బయటి బెల్టు చవక, కొన్ని మన్నుతాయి కూడా. కానీ వెడల్పులో మిల్లీమీటరు తేడా ఉన్నా పుల్లీ మీద బెల్టు కూర్చునే ఎత్తు మారుతుంది, బయల్దేరే లాగుడు మారుతుంది. రిసార్టులో రోజంతా తిరిగే పది బండ్లకు చవక బెల్టులు వరసగా మారుస్తూ పోవడం లెక్కకు కుదరవచ్చు. అడవి దారిలో ఒంటరిగా వెళ్లే మనిషికి ఆ లెక్క కుదరదు.

ఈ20 పెట్రోలు: ఎంత నిజం, ఎంత భయం

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్, 80 శాతం పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో ప్రధాని దీన్ని ప్రారంభించారు, రెండేళ్లు తిరిగేసరికి బంకుల్లో మామూలు పెట్రోలే ఇదైంది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా ఎంచుకునే వీలుండాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. మైలేజీ తగ్గుదల ఈ10 (10 శాతం ఇథనాల్) కోసం తయారై ఈ20కి సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం, మిగతావాటిలో 3 నుంచి 6 శాతం ఉంటుందని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. అంతకు ముందు 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై ఈ10కి సర్దిన కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. లెక్క కూడా దగ్గరగానే వస్తుంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో ఉన్నదానికన్నా దాదాపు మూడోవంతు తక్కువ. ఆ మూడోవంతు లోటు ఐదో వంతు పరిమాణానికే కాబట్టి మొత్తం మీద 7 శాతానికి అటూఇటూ.

ఈ చర్చంతా రోడ్డు బండ్ల చుట్టూనే తిరిగింది. ఏటీవీకి మైలేజీ అంత పెద్ద సమస్య కాదు. దానికి చిక్కులు వేరే ఉన్నాయి.

మొదటిది గాలి, పెట్రోలు పాళ్లు. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. ఈ20కి లెక్క సుమారు 13.5కు దిగుతుంది. గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్‌కు ఇదేమీ తెలియదు, జెట్టు రంధ్రం ఎంతో అంతే పెట్రోలు వదులుతుంది. ఇథనాల్ లేని పెట్రోలుకు అమర్చిన బండిలో ఈ20 పోస్తే మిశ్రమం సుమారు 8 శాతం పలచబడుతుంది, ఈ10కి అమర్చిన బండిలో సుమారు 4 శాతం. ఫలితంగా చల్లగా ఉన్నప్పుడు అంటుకోవడం కష్టం, పికప్‌లో మిస్ కొట్టడం, ఎక్కువ లోడులో కాస్త ఎక్కువ వేడి. కార్బొరేటర్ బదులు కంప్యూటరుతో పెట్రోలు చిమ్మే ఎఫ్‌ఐ బండిలో ఆక్సిజన్ సెన్సారు ఉంటే కంప్యూటరు సర్దుకుంటుంది. చాలా ఏటీవీల ఎఫ్‌ఐలో ఆ సెన్సారు ఉండదు, కాబట్టి ఎఫ్‌ఐ అయినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం.

రెండోది నిలవ. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగి వేరే పొరగా చేరతాయి. ట్యాంకు అడుగునుంచే ఇంజిన్‌కు పెట్రోలు వెళ్తుంది కాబట్టి మొదట అందేది ఆ పొరే. ఈ10 కన్నా ఈ20 ఎక్కువ నీళ్లను కలుపుకోగలదు, అంత తొందరగా విడిపోదు అన్నది నిజమే. కానీ నాలుగు నెలల వానాకాలం, సగం ఖాళీ ట్యాంకు, ఊపిరి రంధ్రం తెరిచున్న మూత మామూలు పరిస్థితి కాదు.

ఇక్కడ అమెరికా నిబంధన ఒకటి ఆలోచింపజేస్తుంది. అక్కడ 15 శాతం ఇథనాల్ ఉన్న ఈ15ను 2001, ఆ తర్వాతి మోడళ్ల కార్లకు అనుమతించారు. బైకులు, పడవలు, ఏటీవీల్లో వాడటం నిషేధం. అక్కడి నుంచి వచ్చిన బండ్ల మాన్యువళ్లలో 10 శాతం మించవద్దని రాసుంటుంది. మన బంకులో దొరికేది 20. ఈ తేడాను "బండి వెంటనే పాడైపోతుంది" అని చదవడం తప్పు, "ఏమీ కాదు" అని కొట్టేయడం కూడా తప్పే. రోజూ తిరిగి, వారంలో ట్యాంకు ఖాళీ అయ్యే రిసార్టు బండికి నష్టం చిన్నది. నాలుగు నెలలు నిలబడే తోట బండికి, అందులోనూ పాత రబ్బరు పైపులున్నదానికి, నష్టం పెద్దదే.

నిలబెట్టేముందు ట్యాంకు నింపాలా, ఖాళీ చేయాలా? నింపమనేవాళ్ల వాదన: గాలి ఉండే చోటు తగ్గితే తేమ తగ్గుతుంది, ఇనుప ట్యాంకుకు తుప్పు పట్టదు. ఖాళీ చేయమనేవాళ్ల వాదన: పెట్రోలే లేకపోతే జిగురు ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువ ఏటీవీ ట్యాంకులు ప్లాస్టిక్‌వి, కాబట్టి తుప్పు వాదన అక్కడ బలహీనం. అయినా పెట్రోలు అసలు చెడేది ట్యాంకులో కాదు, కార్బొరేటర్ అడుగునుండే చిన్న గిన్నెలో. అందులో పట్టేది కొద్దిపాటి పెట్రోలే. తేలికైన భాగం ఆవిరై మిగిలింది జిగురవుతుంది. చిన్న జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, దాన్ని మూయడానికి ఆ జిగురు పొర చాలు. ట్యాంకు సంగతి ఎలా తేల్చుకున్నా, గిన్నె కింది స్క్రూ వదులు చేసి ఆ కాస్త పెట్రోలు దించేయడం మేలన్నదానిపై రెండు వర్గాలకూ పెద్దగా తేడా లేదు.

సెల్ఫ్ నొక్కినప్పుడు ఏం వినిపించింది?

స్టార్ట్ కాని బండి దగ్గర అన్నిటికన్నా విలువైన సాక్ష్యం చప్పుడు. అసలు ఏ చప్పుడూ రాకపోతే ఇంజిన్ వైపు చూడటం దండగ. కిల్ స్విచ్, తాడు ఊడితే ఇంజిన్ ఆపే స్విచ్, న్యూట్రల్ లేదా బ్రేకు నొక్కితేనే కరెంటు వదిలే స్విచ్, ఫ్యూజు ఇవే అనుమానితులు. పిల్లల బండ్లలో రిమోట్‌తో ఆపే పెట్టె కూడా ఉంటుంది, దాన్ని నొక్కి మరిచిపోవడం మామూలే.

టకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ. నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టులకు పైన ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడితే అది అలసిపోయినట్టే. కానీ వోల్టేజీ బాగుండి కూడా తిరగకపోతే? టెర్మినల్ దగ్గర తెల్లటి పొడి చూడాలి. మోటారు 100 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. ఆ తుప్పు వల్ల వచ్చిన నిరోధం 0.03 ఓములే అయినా అక్కడే 3 వోల్టులు పోతాయి. మోటారుకు మిగిలేది తొమ్మిదిన్నర. కొత్త బ్యాటరీ కొన్నా ఆ 3 వోల్టులు అక్కడే పోతూ ఉంటాయి.

బాగా తిరిగి అంటుకోకపోతే అప్పుడు ప్లగ్గు విప్పాలి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్కు లేదు లేదా ఓవర్‌ఫ్లో. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. స్టార్ట్ అయి పది నిమిషాలకు ఆగి, కాసేపాగితే మళ్లీ నడిస్తే ట్యాంకు మూత తెరిచి చూడాలి. బుస్సుమని గాలి లోపలికి పోయిందంటే మూతలోని ఊపిరి రంధ్రం మట్టితో మూసుకుంది.

లోపం కాని లోపాలు

రివర్సులో ఇంజిన్ ఒక వేగం దాటక గుటగుటలాడితే అది మిస్ కాదు. భద్రత కోసం పెట్టిన పరిమితి, చాలా మోడళ్లలో దాన్ని దాటడానికి వేరే బటన్ ఉంటుంది. కొన్ని బండ్లలో ఆల్‌వీల్ డ్రైవ్ స్విచ్ వేసినా ముందు చక్రాలు లాగవు, వెనకవి జారినప్పుడే అందుకుంటాయి. తారు రోడ్డు మీద తిప్పడం బరువుగా ఉండటం ఒకే ఇరుసు వల్ల.

ఒక బండి, మొదటి నుంచి చివరి దాకా

మొదట్లో చెప్పిన దసరా బండికి వద్దాం. 250 సీసీ, కార్బొరేటర్ ఇంజిన్, నాలుగేళ్ల పాతది అనుకుందాం. సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది, బ్యాటరీ 12.7. ప్లగ్గు పొడిగా ఉంది. గిన్నె స్క్రూ వదులు చేస్తే పెట్రోలు ధారగా వచ్చింది, కాబట్టి ట్యాంకు, కాక్, పైపు బాగున్నాయి. చోక్ లాగితే అంటుకుంది, వదిలితే ఆగింది. ఇప్పటిదాకా సాక్ష్యాలన్నీ చిన్న జెట్టు వైపే చూపిస్తున్నాయి. కార్బొరేటర్ విప్పారు, జెట్టు నిజంగానే మూసుకుంది. శుభ్రం చేసి, కొత్త పెట్రోలు పోసి బిగించారు. స్టార్ట్ అయింది.

వారం తర్వాత కొత్త లక్షణం. యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగడం లేదు, కాసేపు పైనే తేలుతోంది. చోక్ సగం వేస్తే తిన్నగా నడుస్తోంది. మిశ్రమం పలచగా ఉందన్నమాట. మెకానిక్ జెట్టును మళ్లీ శుభ్రం చేశాడు, మారలేదు. ఈ20 వల్లే అన్నాడు. కానీ అదే బంకు పెట్రోలుతో అంతకుముందు వేసవి అంతా బండి బాగా నడిచింది. పెట్రోలు మారనప్పుడు మారిందేమిటో వెతకాలి. పెట్రోలు తక్కువ రావడం ఒక్కటే కాదు, గాలి ఎక్కువ రావడం వల్ల కూడా మిశ్రమం పలచబడుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా కార్బొరేటర్‌కూ సిలిండర్ హెడ్‌కూ మధ్యనుండే రబ్బరు ముక్క మీద సబ్బునీళ్లు చిలకరించారు. అడుగువైపు తడి తగలగానే ఒక్క క్షణం ఆర్‌పీఎం దిగి మళ్లీ లేచింది. విప్పి వంచి చూస్తే అడుగున గోరంత పగులు. నాలుగేళ్ల ఎండకు, వేడికి రబ్బరు గట్టిపడింది, వారం క్రితం కార్బొరేటర్ లాగి తీసినప్పుడు విచ్చుకుంది. రబ్బరు మార్చేముందు హెడ్ వైపు గొట్టంలో తెల్లగుడ్డ పెట్టి తుడిచారు. ఎయిర్ ఫిల్టర్ కొత్తది, నూనె పట్టినది, దాని వెనక గొట్టం శుభ్రంగానే ఉంది. ఈ గుడ్డకు మాత్రం ఎర్రమట్టి అంటింది. ఆ వారమంతా ఇంజిన్ కొంత గాలిని ఫిల్టర్‌తో సంబంధం లేకుండా ఆ పగులులోంచే పీల్చింది. అందుకే రబ్బరు మార్చాక మెకానిక్ కంప్రెషన్ గేజీ కూడా బిగించి చూశాడు. అంకె మాన్యువల్‌లో రాసిన హద్దులోనే ఉంది.